ఎదురుగా నిలబడే పిల్ల

12 అక్టోబర్ 1996, శనివారం

ప్రిన్సిపల్ మేడం చివరికి సరేనంది. మా స్కూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు! డిసెంబర్‌లో దోహాలోని ఆరు స్కూళ్ళకి పోటీలు. చూసేవాళ్ళూ ఆడవాళ్ళే, రెఫరీ కూడా ఆడమనిషే. వెనక ఆవరణ గోడ మీద ఎత్తుగా రేకులు బిగించారు. ప్రాక్టీసు జరిగినంతసేపూ వాచ్‌మన్ ముందు గేటు దగ్గరే ఉండాలి. ఇవన్నీ చెప్పాకే ఖమర్ వాళ్ళ నాన్న ఫసీయుద్దీన్ గారు ఒప్పుకున్నారు.

ఖమర్ సుల్తానాది మా అమ్మాయి ఫెబి క్లాసే, తొమ్మిదో తరగతి. వాళ్ళది జగిత్యాల వైపు, ఇక్కడ అల్ వక్రాలో ఉంటారు. మొన్న ఇంటర్వెల్‌లో నలిగిన జ్యూస్ డబ్బాని తన్నుకుంటూ ముగ్గురు పెద్ద పిల్లల మధ్య నుంచి వెళ్ళిపోయింది. భుజం కొంచెం వంచిందంతే. ముగ్గురూ అటు ఒరిగారు, తను ఇటు వెళ్ళింది. ఇన్నేళ్ళుగా పీటీ టీచర్‌గా ఉన్నాను, ఎవరూ నేర్పకుండా అలా చేసిన పిల్లని చూడలేదు. ఏలూరులో నేను ఆడే రోజుల్లో ఆ మలుపు పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది. అది వచ్చీరాగానే పెళ్ళయింది.

ఫెబి కూడా పేరిచ్చింది. నేను అడగలేదు. దానికి బొమ్మలు గీసుకోవడం తప్ప ఇంకేదీ పట్టదనుకునేదాన్ని. మంచిదే.

16 అక్టోబర్, బుధవారం

జట్టుగా ఆడడం తర్వాత. ముందు ఒకరికి ఒకరు. ఒకరి దగ్గర బంతి, ఎదురుగా ఒకరు, వెనక రెండు ఇటుకల మధ్య గోలు.

బంతి ఉన్నవాళ్ళకి చెప్పాను: పక్కనుంచి తప్పుకుపోవాలని చూడకండి, నేరుగా మనిషి మీదికే వెళ్ళండి. నెమ్మదిగా వెళ్ళి, ఆమె బరువు ఒక కాలి మీద పడగానే రెండో వైపు ఉరకండి.

అడ్డుకునేవాళ్ళకి చెప్పాను: బంతి కోసం మీద పడిపోవద్దు. మోకాళ్ళు వంచి, కాస్త పక్కకి తిరిగి నిలబడండి. కన్ను బంతి మీదే ఉండాలి, ఆమె భుజాల మీద కాదు. ఆమె తొందరపడేదాకా వెనక్కి జరుగుతూ ఆగండి. ఆగడమే సగం పని.

ఖమర్‌కి ఎదురుగా ఎవరిని నిలబెట్టాలన్నదే చిక్కు. పెద్ద పిల్లలు రెండుసార్లు ఓడగానే అలిగి గోడ నీడలో కూర్చుంటున్నారు. ఫెబి మాత్రం ఓడినా, దులుపుకుని మళ్ళీ వచ్చి నిలబడింది.

"రోజూ నువ్వే నిలబడతావా?" అని అడిగాను.

"ఊఁ" అంది.

మంచి డిఫెండర్ అవుతుంది.

20 అక్టోబర్, ఆదివారం

ఖమర్ ఇవాళ ఫెబిని ప్రతిసారీ దాటింది. ప్రతిసారీ!

23 అక్టోబర్, బుధవారం

పిల్లలు ఫెబికి 'గేటు' అని పేరు పెట్టారు. తోస్తే తెరుచుకుంటుందట. ఖమర్ ఒక్కతే అలా పిలవదు. పిలిచిన పిల్లని ఒకసారి తోసింది కూడా. ఖమర్‌నే మందలించాల్సి వచ్చింది.

ఆటలో ఇవన్నీ మామూలే. నన్ను ఏలూరులో ఇంతకన్నా ఘోరంగా ఏడిపించారు. ఫెబి కూడా పట్టించుకున్నట్టు లేదు.

సాయంత్రాలు మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా స్కూలుకి వచ్చి, ఖమర్‌ని వక్రాలో దింపి, మమ్మల్ని అల్ హిలాల్‌లోని ఇంటికి తీసుకొస్తున్నారు. కారులో నేను వెనక సీట్లో ఖమర్ పక్కన కూర్చుంటున్నాను, దారి పొడవునా ఆ రోజు ఆట గురించి చెప్పడానికి వీలుగా ఉంటుందని. ఫెబి ముందు సీట్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చుంటుంది. దానికి కిటికీ ఇష్టం.

27 అక్టోబర్, ఆదివారం

ఇవాళ ఫెబి మలుపులో జారి పడింది. మైదానం కాదు కదా అది, గట్టిపడిన ఇసుక, కింద గులకరాళ్ళు. లేచింది. ఆట కొనసాగింది.

ఇంటికి వచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, కుడి మోకాలు నొప్పిగా ఉంది" అంది. ఎదిగే వయసు, ఎముకలు లాగుతుంటాయి. వేన్నీళ్ళతో కాపడం పెట్టుకోమన్నాను.

ఖమర్ వేగం మార్చడం నేర్చుకుంది. ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా వదులుతుంది. చూస్తుంటే నా కాళ్ళు కూడా కదులుతున్నాయి.

1 నవంబర్, శుక్రవారం

జయకుమారి గారింట్లో ప్రార్థన. అందరూ మోకరించారు. ఫెబి మోకరించలేదు, సోఫా అంచున తల వంచుకుని కూర్చుంది. నలుగురూ చూస్తారని నాకు సిగ్గేసింది. మోచేత్తో పొడిచాను. అయినా దిగలేదు.

దారిలో ఆయన అన్నారు, "పిల్ల మోకాలు వంగట్లేదు తెరెసా. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటోంది. రోజూ దగ్గరుండి ఆడిస్తున్నావు, నీకు కనబళ్ళేదా?"

"ఎదిగే వయసండీ" అన్నాను.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం."

"పోటీలు కానివ్వండి."

వెనక సీట్లో ఫెబి, "నాకేం లేదు నాన్నా" అంది. విన్నారుగా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయనకి ఆటల సంగతి ఏం తెలుసు? కొంచెం నొప్పి లేకుండా ఎవరు ఆడారు?

5 నవంబర్, మంగళవారం

లెక్కల టీచర్ విజయరాణి స్టాఫ్ రూంలో నా పక్కన వచ్చి కూర్చుంది. నిజామాబాద్ మనిషి, మనసులో మాట దాచుకోదు.

"తెరెసా, మీ పిల్ల కుంటుతున్నది. చూసినవా?"

"ప్రాక్టీసు ఎక్కువైందిలే. రెండు రోజుల్లో సర్దుకుంటుంది."

"ప్యాంటు లోపల మోకాలికి చున్నీ గట్టిగ చుట్టుకున్నది. బాత్రూంల కట్టుకుంటుంటె నేను చూసిన. అడిగితె ఫ్యాషన్ అన్నది. గదేం ఫ్యాషన్?"

నవ్వాను. ఈ కాలం పిల్లల ఫ్యాషన్లు మనకేం తెలుస్తాయన్నాను. విజయరాణి నవ్వలేదు.

9 నవంబర్, శనివారం

ఖమర్‌కి ఏదో అయింది. ఈ మధ్య కుడి వైపుకే వెళ్తోంది. ప్రతిసారీ కుడికే. ఎడమ కాలు అద్భుతంగా ఉన్న పిల్ల ఆ వైపు ముఖమే తిప్పడం లేదు. ఇలాగైతే మంచి డిఫెండర్ ఎవరైనా రెండు నిమిషాల్లో కనిపెట్టి దారి మూసేస్తారు.

ఫెబి ఇవాళ బంతి చాలాసార్లు లాక్కుంది. ఖమర్ ఎటు వెళ్తుందో ముందే తెలిస్తే ఎవరైనా లాక్కుంటారు.

12 నవంబర్, మంగళవారం

మళ్ళీ కుడికే. ఆట ఆపి అందరి ముందూ అరిచాను. శిక్షగా ఆవరణ చుట్టూ పరుగెత్తించాను. మారుమాట లేకుండా పరుగెత్తింది. అలసిపోయి వచ్చి మళ్ళీ కుడికే వెళ్ళింది.

కారులో మెల్లగా అడిగాను. "ఎవరైనా ఏమైనా అన్నారా ఖమర్? ఇంట్లో గొడవా?"

"ఏం లేదు మేడం."

"మరి ఎడమకి ఎందుకు వెళ్ళడం లేదు?"

"వస్తలేదు మేడం."

ముందు సీట్లో ఫెబి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కారు ముందున్న అద్దంలో ఖమర్‌నీ చూడలేదు, నన్నూ చూడలేదు. వీళ్ళిద్దరికీ ఏదైనా పోట్లాట జరిగిందేమో.

13 నవంబర్, బుధవారం

ఇక ఊరుకోకూడదు. శనివారం తేల్చేస్తాను.

17 నవంబర్, ఆదివారం

ఫెబి ఆసుపత్రిలో ఉంది. ఆయన దాని దగ్గర ఉన్నారు. నన్ను ఇంటికి వెళ్ళి బట్టలు తెమ్మన్నారు. తెచ్చాను. మళ్ళీ పంపేశారు.

19 నవంబర్, మంగళవారం

ఎవరూ చదవరు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం మిగతా పిల్లలందరినీ గోడ దగ్గర కూర్చోబెట్టాను. మధ్యలో వీళ్ళిద్దరే. ఇటుకల వెనక నేను.

"ఖమర్, ఎడమకి వెళ్ళు."

"పోను మేడం."

అంత సూటిగా ఏ పిల్లా నాకు ఎదురు చెప్పలేదు. "ఎందుకు వెళ్ళవు?"

"నాకు చేత కాదు."

"అబద్ధం. నీకు చేతనవునో కాదో నాకు తెలుసు. వెళ్ళకపోతే నువ్వు జట్టులో ఉండవు. ఇప్పుడే బ్యాగు తీసుకుని వెళ్ళిపో."

ఖమర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫెబి వైపు చూసింది. ఫెబి మోకాళ్ళు వంచి, నేను నేర్పినట్టే కాస్త పక్కకి తిరిగి నిలబడి, "రా" అంది. "రావే, ఏం కాదు."

నా కూతురికి ధైర్యం వచ్చిందనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది.

ఖమర్ నేరుగా వచ్చింది. నెమ్మదించింది. భుజం కుడికి వంచి, ఎడమకి వదిలింది. ఎంత బాగా చేసిందంటే, నా కళ్ళు బంతితో పాటే వెళ్ళిపోయాయి. ఎదురుగా నిలబడిన మనిషి కుడి కాలి మీద గిర్రున తిరిగితే తప్ప ఆ బంతిని అందుకోలేదు. బంతి దొర్లుకుంటూ వచ్చి ఇటుకల మధ్య నుంచి నా కాళ్ళకి తగిలింది.

"అదీ!" అని అరిచాను. చప్పట్లు కూడా కొట్టాను.

నా చప్పట్లు ఒక్కటే వినబడ్డాయి. తలెత్తితే ఖమర్ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, ఫెబి తల దాని ఒళ్ళో ఉంది. ఫెబి నోరు తెరిచి ఉంది గానీ అరుపు రావడం లేదు. విజయరాణి స్టాఫ్ రూం నుంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. నాకన్నా ముందు తనే చేరింది ఫెబి దగ్గరికి.

డాక్టరు స్కాన్ ఫోటోలు చూసి చెప్పింది. మోకాలిలో మెత్తటి ఎముక చిరిగిందట. ఆపరేషన్ చేయాలట. "ఇది ఒక్క రోజు దెబ్బ కాదు. కొన్ని వారాల కిందటే మొదలైంది. దాని మీదే ఆడించారు. పిల్ల మీకు నొప్పి అని చెప్పలేదా?"

"లేదు" అన్నాను.

ఫెబి మంచం మీద మెలకువగానే ఉంది. పైకప్పు వైపు చూస్తోంది. అటే చూస్తూ ఉండిపోయింది.

20 నవంబర్, బుధవారం

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

22 నవంబర్, శుక్రవారం

ఖమర్ ఆ రోజు నుంచి స్కూలుకి రావడం లేదని తెలిసి వక్రా వెళ్ళాను. వాళ్ళమ్మ జహనారా తలుపు తీసింది. నన్ను చూడగానే చున్నీ సర్దుకుని, "రాండ్రి మేడం, కూర్సోండ్రి. మీ పిల్లకు ఎట్లున్నది? ఆపరేషన్ ఎప్పుడు జేస్తరంట?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. చాయ్ పెట్టింది. లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు బతిమాలితే గానీ ఖమర్ బయటికి రాలేదు.

వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"నువ్వు ఆటలో చేసినదే చేశావమ్మా. నీ తప్పేం లేదు" అన్నాను.

"నాకు ఎరికే మేడం, ఆమె మోకాలు సంగతి. మొదటి దినం నుంచి ఎరికే. నేను ఎడమకు పోతె ఆమె ఆ కాలు మీద తిరగాలె. తిరిగితె ఏడుస్తది. మీ దిక్కు ఈపు పెట్టి ఏడుస్తది, మీకు కనబడది. నాకు కనబడ్తది. గందుకే పోలె."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నది. ఒట్టు పెట్టించుకున్నది. 'మా అమ్మకు చెప్తె నన్ను పక్కకు పెడ్తది' అన్నది ఫెబి."

జహనారా, "ఇగ ఊకో బిడ్డా" అంది. ఖమర్ ఊరుకోలేదు.

"మేడం, మీరు నన్ను మళ్ల ఆటకు పిలువనీకి వచ్చిన్రా?"

"లేదమ్మా. నిన్ను చూసి పోదామని వచ్చాను."

దారిలో సగం దూరం నేను చెప్పింది నిజమేనని నమ్మాను. అల్ హిలాల్ దగ్గరికి వచ్చేసరికి నమ్మలేకపోయాను. దాన్ని పిలవడానికే వెళ్ళాను. చాయ్ తాగుతున్నంతసేపూ మాట ఎలా ఎత్తాలా అనే ఆలోచించాను. నా కూతురు ఆసుపత్రి మంచం మీద ఉంటే.

24 నవంబర్, ఆదివారం

జట్టు వదిలేశానని ప్రిన్సిపల్‌కి చెప్పాను. విజయరాణి చూసుకుంటానంది. "నాకు ఆట రాదు గని, పిల్లలకు నొప్పి అయితె మాత్రం తెలుస్తది" అంది. నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు. తన మాటే అంత.

25 నవంబర్, సోమవారం

ఆపరేషన్ అయింది. బాగానే అయిందట.

29 నవంబర్, శుక్రవారం

ఫెబి ఇంటికి వచ్చింది. ఆయన ప్రార్థనకి వెళ్ళారు, నేను వెళ్ళలేదు. గంజి పెట్టాను. సగం తాగి గిన్నె పక్కన పెట్టింది. మంచం అంచున కూర్చున్నాను. ఎన్నో మాటలు అనుకుని వెళ్ళాను గానీ ఒక్కటే వచ్చింది.

"డాక్టరుకి అబద్ధం చెప్పాను. నువ్వు నాకు చెప్పావు. వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పావు. నేను విన్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు విన్నావని."

దుప్పటి దారం లాగుతూ అంది. "నాకు ఆట ఇష్టం లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"మరి ఎందుకు పేరిచ్చావు? అంత నొప్పితో ఎందుకు నిలబడ్డావే?"

"నువ్వు ఖమర్‌ని చూస్తుంటావు కదా. ఎదురుగా ఉంటే నేను కూడా కనబడతానని."

లేచి గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చాను. గిన్నె కడిగాను. కడిగిన గిన్నె మళ్ళీ కడిగాను. లోపలి నుంచి ఫెబి గొంతు వినబడింది, ఫోనులో ఎవరితోనో. "నువ్వు ఆడు. నా కోసం మానెయ్యకు. మా అమ్మ రాదులే. విజయరాణి మేడం ఉంటుంది." అవతల ఖమర్.

మా అమ్మ రాదులే. వాళ్ళు ఆడాలంటే నేను ఉండకూడదు.

11 డిసెంబర్, బుధవారం

ఇవాళ ఫైనల్. నేను ఇంట్లోనే ఉన్నాను. బట్టలు మడతపెట్టాను. బియ్యం ఏరాను. ఫోను మోగగానే పరుగెత్తాను.

"గెలిచినం తెరెసా!" విజయరాణి గొంతు బొంగురుపోయింది. వెనక పిల్లల అరుపులు. "రెండు గోల్లు, రెండూ ఖమరే కొట్టింది. ఆఖరికి ఒక్కతే పిల్ల అడ్డం ఉండె, గంత పొడుగు పిల్ల, దాన్ని దాటుకుంట పోయింది సూడు..."

"ఎటు వైపు వెళ్ళింది?" అని అడిగాను.

"ఆఁ?"

"ఎడమకా, కుడికా?"

"ఎడమకే పోయింది."

కళ్ళు మూసుకున్నాను. కనబడింది నాకు. భుజం వంపు, ఆ ఒక్క క్షణం ఆగడం, వదలడం. ఒళ్ళంతా సంతోషం. ఎంత సంతోషమంటే నవ్వేశాను, పైకే నవ్వేశాను. రిసీవర్ పెట్టేసి వెనక్కి తిరిగితే ఫెబి చంకకర్రల మీద హాల్లో నిలబడి ఉంది.

"గెలిచారా?" అంది.

"గెలిచారు."

"మంచిది." నెమ్మదిగా తిరిగి, టక్కు టక్కుమని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ నవ్వు నా ముఖం మీద ఇంకా ఉందేమో, చెయ్యి పెట్టి చూసుకున్నాను.

మారతానని దేవుడికి చెప్పాను, ఇంట్లో వాళ్ళకి చెప్పాను. ఫోను మోగితే నా నోట మొదట వచ్చింది, ఎటు వైపు వెళ్ళిందని.

13 డిసెంబర్, శుక్రవారం

ఫెబి నాతో మాట్లాడటం లేదు. అడిగితే జవాబిస్తుంది. అంతే.

15 డిసెంబర్, ఆదివారం

ఖమర్, వాళ్ళమ్మ వచ్చారు. తలుపు మూసుకుని పిల్లలిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకసారి ఫెబి పగలబడి నవ్వింది. జహనారా నేనూ హాల్లో కూర్చుని ఆ నవ్వు విన్నాం. ఇంట్లో ఆ శబ్దం విని ఎన్నాళ్ళయిందో.

వెళ్ళేటప్పుడు ఖమర్ నాకు సలాం చెప్పింది. ఆట గురించి నేను ఏమీ అడగలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

21 డిసెంబర్, శనివారం

ఫెబిని వ్యాయామం చేయించడానికి ఆసుపత్రికి ఇన్నాళ్ళూ ఆయనే తీసుకెళ్తున్నారు. ఇవాళ ఆఫీసులో ఆడిట్ ఉందని నన్ను వెళ్ళమన్నారు. అక్కడ గది తలుపు దగ్గర ఫెబి ఆగి, "నువ్వు బయట కూర్చో అమ్మా" అంది.

కూర్చున్నాను. పొడవాటి నడవా, ఒక బెంచీ, ఎదురుగా ఖాళీ గోడ. తలుపు సగం తెరిచే ఉంది గానీ, నేను కూర్చున్న చోటి నుంచి లోపల ఏమీ కనబడదు. లోపల వ్యాయామం చేయించే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇంగ్లీషులో మెల్లగా చెబుతోంది, వంచు, ఇంకొంచెం, ఇంకొంచెం. ఫెబి ఊపిరి గట్టిగా పీలుస్తోంది. ఒకసారి మూలిగింది. నేను లేచాను. మళ్ళీ కూర్చున్నాను. పట్టు వదలకు, పళ్ళు బిగించు, అని నా గొంతులోకి వస్తోంది. పళ్ళు నేనే బిగించాను.

మళ్ళీ మూలిగింది, ఈసారి గట్టిగా. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆ అమ్మాయి చెప్పడం ఆపేసింది.

"అమ్మా."

వెళ్ళాను. ఫెబి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది, ముఖం నిండా చెమట, కళ్ళ చివర్ల నుంచి చెవుల్లోకి నీళ్ళు కారుతున్నాయి.

"నొప్పిగా ఉంది" అంది.

పక్కన నేల మీద కూర్చున్నాను. "ఎక్కడ?" అన్నాను.

నా చెయ్యి తీసుకుని చూపించింది.